ఏదుపంది గవరయ్య నేపథ్యం

ఒక పెద్ద అడవిలో, సొంతంగా ఒక ఆఫీసు ఉంది కాబట్టి పెద్దదేనని చుట్టుపక్కల అడవులన్నీ ఒప్పుకున్న అడవిలో, గవరయ్య అనే ఏదుపంది గుమాస్తాగా ఉండేవాడు.

గవరయ్యకి ఆ ఉద్యోగం రావడానికి కారణం ఒక్కటే. అతనికి కలాలు కొనిపెట్టక్కర్లేదు. వీపు మీద చెయ్యేసి ఒక ముల్లు పీక్కుంటాడు, నేరేడుపండు రసంలో ముంచుతాడు, రాస్తాడు. నిజం రాస్తే ఒక ముల్లు నెలరోజులు వస్తుందనీ, అబద్ధం రాస్తే పూటలో అరిగిపోతుందనీ అతని అనుభవం. ఆఫీసులో చేరిన పన్నెండేళ్లలో అతని వీపు ఎడమవైపు దాదాపు నున్నగా అయిపోయింది.

ఆ అడవికి పేకాట పిచ్చి, అందులోనూ బ్రిడ్జి అంటే మరీను. ముక్కలు మోదుగాకులతో చేసుకునేవారు. వాటి మీద ఇస్పేట్లూ, ఆటీన్లూ, డైమాన్లూ, కళావర్లూ గీసిపెట్టేది కూడా గవరయ్యే.

బ్రిడ్జి తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జోడీ. ముక్కలు పంచాక, మేమిన్ని పట్లు పడతామంటే మేమిన్ని పడతామని పాట పాడతారు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే పెద్ద ముక్కవాడిది ఒక పట్టు, పాడిన అంకెకి ఆరు కలిపితే అన్ని పట్లు పట్టాలి. పాట గెలిచిన జోడీలో ఆ పాట పాడినవాడే ఆడతాడు. రెండోవాడు తన పదమూడు ముక్కలూ అందరికీ కనిపించేలా బండ మీద పరిచేసి, ఆ పంపకం అయ్యేదాకా ఊరుకోవాలి. వాణ్ణి డమ్మీ అంటారు. డమ్మీ మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, గట్టిగా నిట్టూర్చకూడదు కూడా.

గవరయ్య జోడీ మడుగులో ఉండే తాబేలు కూర్మయ్య. ఆఫీసు కట్టెయ్యగానే గవరయ్య మడుగు గట్టుకి వెళ్లిపోయేవాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ దొరికినవాళ్లతో ఆడేవారు. కూర్మయ్యకి ఆడడం కన్నా డమ్మీగా కూర్చోవడం ఇష్టం.

"ముక్కలు పరిచేశాక ఇంక మనకి పనేముందిరా గవరయ్యా? ఎదటోణ్ణి నమ్ముకుని కూర్చోవడమే. ఇంత సుఖం ఇంకెక్కడుంది?" అనేవాడు.

ఆ ఏడు మాత్రం కూర్మయ్య కళ్లకి పొర కమ్మడం మొదలైంది. ముక్కని ముక్కు దాకా తెచ్చుకుంటే గాని ఏ రంగో తెలియడం లేదు. ఇస్పేటూ కళావరూ రెండూ నలుపే కదా, ఆ రెంటితో మరీ అవస్థ పడుతున్నాడు.

"ఈ ఏడే నాకు ఆఖరు. పై ఏటికి నువ్వు గీసిన రాణీ నాకు ఎండుటాకులాగే కనిపిస్తుంది," అన్నాడు.

 గవరయ్యకి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. మడుగు అవతలి ఒడ్డు అడవితో ఏటా జరిగే పోటీలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కూర్మయ్యకి ఎదురుగా కూర్చోవాలి. ఏటా అర్జీ పెట్టుకునేవాడు. ఏటా ఆ అర్జీని తనే దస్త్రంలో కట్టి, తనే బీరువాలో పెట్టేవాడు.

పోటీ ఆషామాషీది కాదు. గెలిచిన అడవి ఆ వేసవంతా మడుగులో ముందు నీళ్లు తాగుతుంది. ఓడిన అడవి, వాళ్లు తాగి, తొక్కి, దొర్లి వెళ్లాక మిగిలింది తాగుతుంది. అవతలి ఒడ్డు తరఫున ఆడేవి నాలుగు రేచుకుక్కలు. తొమ్మిదేళ్లుగా అవే గెలుస్తున్నాయి. తొమ్మిదేళ్లుగా మన అడవి వేసవిలో తాగుతున్నది నీళ్లా బురదా అనే విషయం మీద ఆఫీసులో ఒక ఫైలు నడుస్తోంది.

ఆ ఏడు సెక్రటరీ నక్క గవరయ్యని పిలిచి తలుపు వేయించాడు.

"మనం ఎందుకోడిపోతున్నామో కనిపెట్టేశానయ్యా," అన్నాడు.

"ఆట రానివాళ్లని పంపుతున్నామండి," అన్నాడు గవరయ్య.

"అది పైకి కనిపించే కారణం. అసలు కారణం, మనవాళ్లకి నేపథ్యం లేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పంపుతున్నాం. ఎదటివాడు మనల్ని చూడగానే జడుసుకోవాలి. ఈసారి గొప్ప నేపథ్యం ఉన్నవాళ్లతో జట్టు కడతాం. వాళ్ల చరిత్రలన్నీ పుస్తకం వేసి పోటీకి నెల ముందే అవతలి ఒడ్డుకి పంపిస్తాం. సగం ఆట అక్కడే అయిపోతుంది."

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నేనూ కూర్మయ్య బాబాయీ పన్నెండేళ్లుగా..."

"నీ నేపథ్యం ఏంటి?"

"బొరియండి."

"అంతకు ముందు?"

"అంతకు ముందు కూడా బొరియేనండి. మా నాన్నది."

నక్క అతనివైపు జాలిగా చూశాడు. "నీలో లోపం ఉందని నేనట్లేదు. రాయడానికేమీ లేదంటున్నాను," అన్నాడు.

జట్టు తయారైంది. మొదటివాడు నెమలి. ఆయన ముత్తాతగారి ఈక ఒకటి ఏదో సంస్థానంలో విసనకర్రగా పనిచేసింది. ముక్కలని అంత అందంగా విప్పి పట్టుకునేవాళ్లు లేరని పేరు, అయితే పట్టుకున్న ముక్కలని ఎదటివాళ్లవైపు తిప్పి పట్టుకునేవాడు. రెండోవాడు ఎలుగుబంటి. తేనెపట్లు ఉన్న చెట్లు సగం ఆయనవే. అడవిలో జరిగే ఏ సభకైనా ఆయనే అధ్యక్షుడు. మూడోవాడు అడవిదున్న. కాపలాదళం పెద్దగా నలభై ఏళ్లు పనిచేసి దిగిపోయాడు, ఎన్నడూ వెనకడుగు వెయ్యలేదు. ఒకసారి ఊబిలోకి వెళ్తూ కూడా వెయ్యలేదు. నాలుగోవాడుగా, జట్టు క్షేమం దృష్ట్యా, నక్క తన పేరే రాయించుకున్నాడు. బ్రిడ్జి మీద ఆయన మూడు ఉపన్యాసాలు ఇచ్చి ఉన్నాడు.

ఆ నలుగురి చరిత్రలూ రాయడానికి గవరయ్యకి ముప్ఫై రెండు ముళ్లు పట్టాయి. వీపు కుడివైపు కూడా పలచబడింది.

పుస్తకం చదివి అడవంతా గర్వపడింది. అవతలి ఒడ్డు నుంచి కూడా జట్టు పరిచయం వచ్చింది. అది ఒకటే ఆకు. "నలుగురం ఒక తల్లి పిల్లలం. కలిసి వేటాడతాం. కలిసి ఆడతాం," అని ఉంది.

"చూశావా? పాపం, రాసుకోవడానికి ఏమీ లేదు," అన్నాడు నక్క.

ఇక సాధన మొదలైంది. నెమలికీ ఎలుగుబంటికీ ఒక జోడీ కట్టారు. అడవిదున్నకి నక్క. మొదటి పంపకంలోనే నెమలి "మూడు ఇస్పేట్లు" అని పాడాడు. ఎలుగుబంటి చేతిలో ఏమీ లేదు, మర్యాదగా ఊరుకుంటే సరిపోయేది.

"నాలుగు ఆటీన్లు," అన్నాడు ఎలుగుబంటి.

"అదేంటండీ, నా మీద మీరే పాడుతున్నారు?" అన్నాడు నెమలి.

"మరి ఊరుకుంటే నేను డమ్మీని అవుతాను కదండీ. ముక్కలు కింద పెట్టి, నోరు మూసుకుని, మీరు ఆడుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా? నా నేపథ్యం మీరు చదవలేదా?"

"చదివాను. మీరు నాది చదివారా? నాలుగు ఇస్పేట్లు."

"అయిదు ఆటీన్లు."

అలా అలా ఏడు దాకా పోయి, తురుపు లేకుండా పదమూడు పట్లూ పడతామని ఎలుగుబంటి పాట ముగించాడు. పట్టింది నాలుగు. రెండో జోడీ కూడా తీసిపోలేదు. అడవిదున్న వెనకడుగు వెయ్యడు, నక్క ముందుకి రానివ్వడు. పది రోజులు సాధన చేస్తే పది రోజులూ ప్రతి పాటా ఏడుకే వెళ్లింది. లెక్క రాస్తున్న గవరయ్య ఒకసారి ఉండబట్టలేక అన్నాడు.

"అయ్యా, డమ్మీ అంటే తక్కువేం కాదండి. ఆటలో సగం అదే."

"అయితే ఆ సగం నువ్వే చెయ్యి!" అన్నాడు అడవిదున్న, విసుక్కుంటూ.

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. గవరయ్యనీ, కూర్మయ్యనీ శాశ్వత డమ్మీలుగా నియమించారు. జట్టులో ఏ పెద్దమనిషికైనా డమ్మీగా కూర్చోవలసిన అగత్యం వస్తే, ఆయన లేచి నీడకి వెళ్లి దండ వేయించుకుంటాడు. ఆయన కుర్చీలో ఈ ఇద్దరిలో ఒకరు వచ్చి, ముక్కలు పరిచి, మాట్లాడకుండా కూర్చుంటారు. పుస్తకం చివరి పేజీలో, అచ్చుతప్పుల పట్టికకి కింద, వాళ్ల పేర్లు కూడా చేర్చారు. నేపథ్యం అన్నచోట గీత గీశారు.

గవరయ్య పరుగున మడుగు దగ్గరికి వెళ్లాడు. "బాబాయ్, మనల్ని తీసుకెళ్తున్నారు! ఆడనివ్వరనుకో. కూర్చోనిస్తారు."

"నోరు మూసుకుని కూర్చోవడానికేనా? ఆ పని నాకొచ్చురా, పద," అన్నాడు కూర్మయ్య.

పోటీ మడుగు మధ్యలో ఉన్న లంకలో జరిగింది. అక్కడ చదునైన బండ ఒక్కటే ఉంది కాబట్టి బల్లా ఒక్కటే. పదహారు పంపకాలు, ఎనిమిదయ్యాక విరామం. మొదటి సగం ఒక జోడీ, రెండో సగం ఇంకో జోడీ ఆడాలి. తీర్పరి ఒక ముసలి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, నియమాలన్నీ కంఠతా వచ్చినట్టు కళ్లు మూసుకుని ఉండేవాడు.

మొదటి పంపకంలో ఎలుగుబంటి నాలుగు ఆటీన్లు పాడాడు. నెమలి పది రోజుల్లో మొదటిసారి ప్రశాంతంగా "పాస్" అని, లేచి, నీడలో వేసిన పెద్ద కుర్చీ వైపు నడిచాడు. కూర్మయ్య మెల్లగా వచ్చి ఆయన చోట కూర్చుని ముక్కలు పరిచాడు. ఎలుగుబంటి ఆడాడు. రెండు పట్లు తక్కువొచ్చాయి.

రెండో పంపకానికి నెమలి తిరిగి వచ్చేసరికి కొంగ ఒక కన్ను తెరిచాడు.

"ఎక్కడికి?"

"నా కుర్చీకి."

"లేచినవాళ్లు లేచినట్టే. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే. డమ్మీ అయినా ఆటగాడే. విరామం దాకా ఇక మార్పు లేదు."

నక్క వచ్చి పుస్తకం చూపించాడు. కొంగ నెమలి నేపథ్యం మొత్తం చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, పుస్తకం తిరిగి ఇచ్చేసి కన్ను మూసుకున్నాడు.

రెండో పంపకంలో కూర్మయ్య ముక్కలని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని "రెండు ఇస్పేట్లు" అన్నాడు. ఎలుగుబంటి చేతిలో మూడు పాడడానికి కూడా ఏమీ లేదు. పాడకపోతే ఈ తాబేలుకి తను డమ్మీ. అవతల నీడలో నెమలికి రెండో దండ పడుతోంది. ఎలుగుబంటి "పాస్" అన్నాడో లేదో, అప్పటికే లేచి నిలబడ్డాడు.

గవరయ్య వచ్చి కూర్చున్నాడు. తలెత్తితే ఎదురుగా కూర్మయ్య. గవరయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండు అర్జీలకి జరగని పని ఒక ఎలుగుబంటి అహంకారం వల్ల జరిగింది.

ఆ పంపకంతో కలిపి ఏడు పంపకాల్లో ఆ ఇద్దరూ ఒక్క పాట కూడా నాలుగు దాటించలేదు. విరామం వేళకి ఇటువైపు ఒక్క పాయింటు ఆధిక్యం. ఇక ఆడవలసింది అడవిదున్న, నక్క.

"ఇప్పుడు మనం దిగి ఓడిపోతే మన నేపథ్యానికి బాగుండదు," అన్నాడు అడవిదున్న మెల్లగా. జీవితంలో మొదటి వెనకడుగు అంత సులువుగా పడుతుందని ఆయనా అనుకోలేదు.

"శాశ్వత డమ్మీలని కొనసాగించడం మా వ్యూహంలో భాగం," అని నక్క కొంగకి విన్నవించి, నీడలో నాలుగో కుర్చీ వేయించుకున్నాడు.

రేచుకుక్కలు వదిలిపెట్టే రకం కాదు. పదిహేను పంపకాలయ్యేసరికి అవే ఒక పాయింటు పైన ఉన్నాయి. ఆఖరి పంపకంలో కూర్మయ్య "మూడు, తురుపు లేకుండా" అని పాడాడు. అంటే తొమ్మిది పట్లు పట్టాలి. గవరయ్య "పాస్" అని ముక్కలు పరిచాడు. ఇక అతను డమ్మీ.

ఎనిమిది పట్లు వచ్చాయి, మూడు పోయాయి. కూర్మయ్య చేతిలో రెండు ముక్కలు మిగిలాయి. ఇంకొక్క పట్టు చాలు. మిగిలినవేవో గవరయ్యకి లెక్కమీద తెలుసు. ఇస్పేటు తొమ్మిది, కళావరు తొమ్మిది. కళావర్లన్నీ వెళ్లిపోయాయి కాబట్టి కళావరు తొమ్మిది వేస్తే పట్టు. ఇస్పేటు జాకీ ఇంకా ఒక రేచుకుక్క దగ్గర ఉంది, కాబట్టి ఇస్పేటు వేస్తే పోటీ పోయినట్టే. రెండూ నలుపే. రెండూ తొమ్మిదే.

కూర్మయ్య కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. పొద్దున్నించీ ముక్కలు చూసి చూసి ఆ కళ్లు పూర్తిగా మసకబారాయి. అతని చెయ్యి మెల్లగా ఎడమవైపు ముక్క మీదికి వెళ్లి ఆగింది.

గవరయ్య వీపు మీద ముళ్లన్నీ లేవబోయాయి. లేస్తే చప్పుడవుతుంది. చప్పుడైతే అది సైగ, కొంగ ఆట రద్దు చేస్తాడు. గవరయ్య పళ్లు బిగించి, మిగిలిన ముళ్లన్నిటినీ వీపుకి అదిమిపెట్టి కూర్చున్నాడు. ముక్కలు పరిచేశాక ఇంక పనేముంది, నమ్ముకుని కూర్చోవడమే.

కూర్మయ్య చెయ్యి ఎడమ ముక్కని వదిలి కుడి ముక్కని తీసింది. కళావరు తొమ్మిది.

ఒడ్డున ఏనుగులు మొదలుకుని ఉడతల దాకా కేకలు పెట్టాయి. గవరయ్య బండ చుట్టూ తిరిగి వచ్చి కూర్మయ్యని పట్టుకున్నాడు.

"ఎడమది ముట్టుకున్నావేం బాబాయ్? ప్రాణం పోయిందనుకో!"

"ఇస్పేట్లు ఎప్పుడూ ఎడమ పక్కే పెట్టుకుంటాను కదరా. కంటికి ఆనట్లేదు. ఎడమది ఎక్కడుందో తడుముకుని కుడిది తీశాను," అన్నాడు కూర్మయ్య. "నువ్వు కదలవని తెలుసులే."

ఆ వేసవిలో అడవి పదేళ్ల తర్వాత తేట నీళ్లు తాగింది. నీటి అడుగున రాళ్లు కనిపించడం చూసి పిల్ల జంతువులు భయపడ్డాయి.

పుస్తకం రెండో ముద్రణ వెయ్యాలని నక్క నిర్ణయించాడు. నెమలి, ఎలుగుబంటి, అడవిదున్న, నక్క, నలుగురి చరిత్రల చివరా "విజేత జట్టు సభ్యులు" అని చేర్చారు.

"నీది కూడా ఒకటి రాసుకోవయ్యా. గెలిచినవాడికి నేపథ్యం లేకపోతే అడవికి చిన్నతనం," అన్నాడు నక్క.

"మాది బొరియ కదండి."

"బొరియ అంటారా ఎక్కడైనా? నేల పొరలని తరతరాలుగా పరిశోధిస్తున్న ప్రాచీన కుటుంబం అను."

గవరయ్య ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత రాశాడు. రాసింది చదువుకుంటే అందులో అబద్ధమేమీ కనిపించలేదు. నాన్న నిజంగానే చాలా లోతుగా తవ్వేవాడు. ఇంకో వాక్యం చేర్చాడు, ఆ తర్వాత ఇంకోటి. నలుగురు పెద్దలకీ కలిపి ముప్ఫై రెండు ముళ్లు పట్టిన చోట అతనొక్కడి నేపథ్యానికే నలభై ఒకటి పట్టాయి. కూర్మయ్యని అడిగితే "మడుగు. అంతే రాసుకో," అన్నాడు.

వానలు పడే ముందు విజయోత్సవం పెట్టారు. రేచుకుక్కలని పిలిచి, అడవి జనమంతా చూస్తుండగా ఒక్క పంపకం ఆడించాలనుకున్నారు. కూర్మయ్యకి అదే ఆఖరి ఆట. ఒక్కొక్క ముక్కనీ ముక్కుకి ఆనించుకుని, చాలాసేపు తీసుకుని పేర్చుకున్నాడు. జనం ఓపిగ్గా ఎదురుచూశారు. ముందు వరసలో గవరయ్య భార్య, అత్తమామలు, వాళ్ల తరఫు చుట్టాలు పదకొండు మంది, అందరూ రెండో ముద్రణ చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"మూడు, తురుపు లేకుండా," అన్నాడు కూర్మయ్య.

గవరయ్య తన ముక్కలు చూసుకున్నాడు. పాస్ అనాలి. ఆ సంగతి అతనికి ఎంత బాగా తెలుసో ఆ అడవిలో ఇంకెవరికీ తెలియదు. పాస్ అంటే ముక్కలు పరిచెయ్యాలి. ఇంతమంది ముందు, మామగారి ముందు, నోరు మూసుకుని కూర్చోవాలి. మామగారు సరిగ్గా అప్పుడే పుస్తకంలో గవరయ్య పేజీ పక్కవాళ్లకి చూపిస్తున్నాడు.

"నాలుగు డైమాన్లు," అన్నాడు గవరయ్య.

కూర్మయ్య తల మెల్లగా పైకెత్తాడు. ఆ కళ్లకి ఎదటివాడి ముఖం కనిపించదని గవరయ్యకి తెలుసు. అయినా తల దించుకున్నాడు.

"పాస్," అన్నాడు కూర్మయ్య. రేచుకుక్కలు కూడా పాస్ అన్నాయి. కూర్మయ్య తన పదమూడు ముక్కలనీ, ఇస్పేట్లు ఎడమవైపు, కళావర్లు కుడివైపు, వరసగా బండ మీద పరిచాడు. వాటిలో తొమ్మిది పట్లు ఎవరు చూసినా కనిపించేలా ఉన్నాయి, తురుపు లేకపోతే.

గవరయ్య ఏడు పట్లు పట్టాడు. "గౌరవప్రదమైన ఓటమి" అని నక్క ప్రకటించాడు. అందరికీ దండలు వేశారు. నెమలి, ఎలుగుబంటి, అడవిదున్న గవరయ్య భుజం తట్టి, ఇప్పుడు తమలో ఒకడిలా ఆడాడని మెచ్చుకున్నారు.

జనం వెళ్లిపోయాక గవరయ్య బండ దగ్గరే నిలబడ్డాడు. కూర్మయ్య ముక్కలన్నీ ఏరి, దొంతి సర్ది, మోదుగాకులో కట్టగా చుడుతున్నాడు. గవరయ్యకి ఏడుపొచ్చింది.

"బాబాయ్, ఏదో ఒకటి అను. తిట్టు. నువ్వలా ఊరుకుంటే నాకు బాగోలేదు."

కూర్మయ్య కట్ట అతని చేతిలో పెట్టాడు.

"డమ్మీ మాట్లాడకూడదురా," అని, తడుముకుంటూ మడుగులోకి దిగిపోయాడు.

నీతి: ఆట వచ్చినవాడికి నేపథ్యం రావడానికి ఒక్క గెలుపు చాలు, ఆ నేపథ్యం పోయి మళ్లీ ఆట రావడానికి ఎన్ని ఓటములు కావాలో ఆఫీసులో ఇంకా ఫైలు నడుస్తోంది.